కార్తీకానికి ఉసిరి: పని మాత్రం ఇప్పుడే

భాద్రపదం నడుస్తోంది. ఇబ్రహీంపట్నం, యాచారం, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఎర్ర చలకల్లో ఉసిరి ఉన్న రైతులకు ఇక నెలన్నర తీరిక ఉండదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఈ కాయకు రెండు రకాల గిరాకీ. పచ్చడికి కొనేవారు చలికాలమంతా వస్తూనే ఉంటారు. పూజకు కొనేవారు తిథి చూసుకుని వస్తారు. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో పెట్టడానికి కాయలతో ఉన్న కొమ్మ కావాలి, పున్నమినాడు నేతి దీపానికి మచ్చలేని గుండ్రటి కాయ కావాలి. ద్వాదశి దాటాక ఆ కొమ్మను అడిగేవారు ఉండరు.

ముందు కాయ సంగతి. పైకి నున్నగానే ఉండి, కోస్తే టెంక చుట్టూ గోధుమ రంగుకు తిరిగి నల్లబడుతుంటే పురుగు మందు కొట్టకండి, అది బోరాన్ లోపం. ఫ్రాన్సిస్ రకంలో మరీ ఎక్కువ, ఎన్‌ఏ-7, చకైయాల్లో దాదాపు కనిపించదు. లీటరు నీటికి 6 గ్రాముల బోరాక్స్ కలిపి సెప్టెంబరు, అక్టోబరుల్లో 10 నుంచి 15 రోజుల ఎడంతో మూడుసార్లు పిచికారీ చేయాలి. వాన తెరిపిచ్చిన రోజు చూసుకోండి. ఆకుల మీద, కాయల మీద తుప్పు మచ్చలుంటే లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ ఇప్పుడే వాడి, కోత దగ్గరపడ్డాక పూర్తిగా ఆపేయండి. ఈ కాయను దీపం వెలిగించి వదిలేయరు, పిల్లలు ఉప్పు అద్దుకుని కొరుకుతారు.

ఉసిరి కొమ్మ పెళుసు. కాపు బరువుకే విరుగుతుంది, కాబట్టి ఒంగిన వాటికి వెదురు ఆసరా ఇవ్వండి. ద్వాదశి కొమ్మల కోసం కూలీలు చేతికందింది విరిచేస్తారు. నన్నడిగితే ఆ రోజు వచ్చే డబ్బుకంటే ఆ నష్టమే ఎక్కువ. వచ్చే వసంతంలో ఈ కొమ్మల కణుపుల నుంచే రెమ్మలు పుట్టి వాటి మీద పూత వస్తుంది. అందుకే ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి, నేలకు వాలినవి ఇప్పుడే గుర్తు పెట్టుకుని, ఏకాదశి సాయంత్రం కత్తెరతో తీయండి. తడి గోనెలో చుడితే తెల్లారేదాకా వాడవు. పున్నమి కాయ మూడు రోజుల తర్వాతి కోత, రెండూ ఒకేసారి కోయొద్దు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం వెళ్లిపోయింది. పచ్చడి కాయ టోకున అక్కడికి సరే. కొమ్మలు కొనేది ఇల్లాళ్లు గనక వాటిని సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లకే చేర్చండి.

కొత్తగా నాటేవారు 8 మీటర్ల ఎడం ఇవ్వండి, ఒకే రకంతో తోట నింపకండి. తన పుప్పొడితో తనకు కాయ సరిగా పట్టని చెట్టు ఇది. త్వరగా కాపుకొచ్చే కృష్ణతో ఎన్‌ఏ-7, కాంచన్ కలిపి వేస్తే కార్తీకానికీ ఆ తర్వాతకూ సరుకు ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలో ఉసిరి చెట్టు లేక వనభోజనాలకు నగరం వదిలి వచ్చే కుటుంబాలు ఎక్కువే. చెట్టు కింద చోటిచ్చి రుసుము తీసుకోవడం తప్పేమీ కాదు. పొయ్యి మాత్రం కొమ్మల నీడ దాటి అవతల పెట్టించండి.