రక్తబిందువు సాక్ష్యము

హుజూర్‌నగరు ప్రాంతమునకు నాగార్జునసాగరు ఎడమ కాలువ ప్రాణాధారము. యాసంగి కోతల దినములలో అచ్చటి కొనుగోలు కేంద్రములయందు వడ్ల రాసులు గుట్టలవలె కనబడును. వాటి ప్రక్కనే మంచములు వేసికొని రైతులు రాత్రులు కావలి యుందురు. 2019వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అట్లు కావలి యున్న నా పినతండ్రి కుమారునకు రాత్రి తొమ్మిది గంటల వేళ రొమ్ము నడుమ బరువు మోపినట్లయ్యెను. ఆ బాధ ఎడమ భుజమునకును, దవడకును ప్రాకెను. ఒడలెల్ల చెమట పట్టెను. "గ్యాసు పట్టినది, సోడా త్రాగుము" అని యొకడు, "వాము నమలుము" అని మఱియొకడు చెప్పిరి. అచ్చటనున్న హమాలి యొకడు మాత్రము ఆ మాటలు చెవిని పెట్టక 108కి ఫోను చేసెను. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ వాహన సేవ నేడు పల్లెపల్లెకు తెలిసినదే కదా!

నొప్పి పుట్టిన గంటలోపుననే అతడు ఆసుపత్రి చేరెను. నేను వెళ్ళునప్పటికి వైద్యురాలు ఆస్పిరిన్ మాత్ర నమిలించి, ఈసీజీ తీయించి యుండెను. గుండెలోని విద్యుత్తు నడకను గీతలుగా చూపు ఆ పరీక్షయందు దోషమేమియు కనబడలేదు. తరువాత కొద్దిగా రక్తము తీసి, వ్రేలెడు పొడవైన చిన్న పలకపై చుక్కలుగా వేసిరి. పావుగంట గడచెను. పరీక్ష సరిగా జరిగినదని తెలుపు గీత యొకటి వచ్చినది. రోగమును తెలుపు రెండవ గీత రాలేదు.

నా తమ్ముడు లేచి కూర్చుండెను. "అన్నా, ఏమీ లేదట. మబ్బు పట్టియున్నది, వడ్లు తడిసిపోవును, పోదము" అనెను. నాకును అది సబబుగనే తోచినది. వైద్యురాలు ఒప్పుకొనలేదు. "మూడు గంటలాగి మరల రక్తము తీయవలెను సారూ, కావలసినచో ఆరు గంటలకు మఱొకసారి. అందాక ఇతనిని కదలనీయను" అని ఖండితముగా చెప్పినది. ఆమె నా శిష్యురాండ్ర యీడుది. లేదని తేలిన దానిని మరల వెదకుట యేలయని నేను వాదింపబోయి మానితిని. 1981లో మా తండ్రిగారు ఇట్టి నొప్పితోనే, కోదాడ పోవు తొలి బస్సుకై మేము వేచియుండగా, తెల్లవారుజామున గతించిరి.

ఆమె పట్టుదలకు కారణము తెలియవలెనన్న గుండె కండరమును గూర్చి కొంత యెఱుగవలెను. కండరములో సన్నని పోగులును, లావు పోగులును ఒకదానిపై నొకటి జారుటచేత సంకోచము కలుగును. సన్నని పోగులపై గడియవలె కూర్చుండి ఆ జారుటను అదుపు చేయు మాంసకృత్తు ట్రోపోనిన్. దానిని 1965 ప్రాంతమున జపాను శాస్త్రవేత్త సెత్సురో ఎబాషి వెల్లడించెను. ఇందు మూడు భాగములు కలవు. వానిలో రెండు, అనగా ట్రోపోనిన్ టి, ట్రోపోనిన్ ఐ అనునవి, కాలుసేతుల కండరములలో ఒక తీరునను, గుండెలో వేఱొక తీరునను ఉండును. కావుననే గుండె తీరుగల ట్రోపోనిన్ రక్తములో ఎక్కువగా కనబడెనేని గుండె కండరమునకే దెబ్బ తగిలినదని చెప్పవచ్చును. 1989లో జర్మనీ దేశపు వైద్యుడు హ్యూగో కాటస్ తన తోడివారితో కలిసి ట్రోపోనిన్ టిని కొలుచు పరీక్షను ప్రకటించెను.

అంతకు పూర్వము వైద్యులు ఎంజైములను కొలిచెడివారు. 1954లో న్యూయార్కు వైద్యులు లడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనువారు చూపిన ఎంజైము కాలేయములోను ఉండుటచే కాలేయరోగులయందును పెరిగెడిది. తరువాత వచ్చినది క్రియాటిన్ కైనేజ్. ఇచ్చట మన తెలుగువాని పేరొకటి తలపవలసియున్నది. ఆ ఎంజైము పని చేయునది ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థముపై. దానిని 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి లోకమునకు తెలిపినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయనయు 1948లో గుండె ఆగియే మరణించెను.

ఇక రెండవ పరీక్ష మాట. రక్తనాళము పూడుకొన్న క్షణముననే ట్రోపోనిన్ రక్తములోనికి రాదు. ఊపిరి లేక కణములు చావవలెను, వాని గోడలు చెడవలెను, లోపలి పదార్థము ఊరి బయటపడవలెను. సాగరు వద్ద తూములెత్తిన గడియలోనే చివరి భూముల పిల్లకాలువలోనికి నీరు వచ్చునా? ఎండిన పిల్లకాలువను చూచి "నీరు వదలలేదు" అన్నచో ఎంత పొరపాటో, నొప్పి పుట్టిన గంటకే తీసిన రక్తమును చూచి "గుండెపోటు లేదు" అనుట అంత పొరపాటు. చిన్న పలకపై గీత కనబడునంతటి ట్రోపోనిన్ చేరుటకు సాధారణముగా మూడు మొదలు ఆరు గంటలు పట్టును. ఒకసారి చేరినపిమ్మట వారము, పది దినములవఱకు నిలుచును.

నేడు పెద్ద ఆసుపత్రులలో ఇంతకంటె సూక్ష్మమైన యంత్రములు కలవు. అవి లీటరు రక్తములో కొద్ది నానోగ్రాముల ట్రోపోనిన్‌నైనను లెక్కించును. నానోగ్రామనగా గ్రాములో నూరుకోట్లవ వంతు! వానితో రెండు పరీక్షల నడుమ ఎడము ఒకటి మొదలు మూడు గంటలకు తగ్గినది. వ్రేలి కొన పొడిచి తీసిన రక్తముతో పది నిమిషములలోపల అంకె చెప్పు చేతి పరికరములు సైతము వచ్చినవి. ఐనను అంకె యొక్కటియే తీర్పు కాదు. మూత్రపిండములు చెడినవారికిని, తీవ్రమైన అంటురోగములు సోకినవారికిని ట్రోపోనిన్ హెచ్చుగా నుండవచ్చును. మొదటి అంకెకును రెండవ అంకెకును నడుమ పెరుగుదలయో తరుగుదలయో కలదాయని వైద్యులు చూతురు. ఈసీజీలోనే పోటు స్పష్టముగా కనబడినయెడల రక్తపరీక్షకై ఒక్క నిమిషమైనను ఆగరు; పూడిక కరిగించు మందునో, నాళము తెరచు చికిత్సనో వెంటనే మొదలుపెట్టుదురు. మనవారు "నార్మల్" అని వ్రాసిన కాగితమును తాయెత్తువలె జేబులో దాచుకొందురు గాని, అది ఏ గంటకు తీసిన రక్తమో అడుగరు.

రాత్రి ఒంటిగంట వేళ మరల రక్తము తీసిరి. నేను ఆ పలకనే చూచుచుంటిని. మొదటి గీత వచ్చినది. కొంతసేపటికి దాని ప్రక్కన పలుచని గీత యొకటి తేలి, క్రమముగా ముదిరినది. ఈసీజీయందును ఈ మారు మార్పు కనబడెను. వైద్యురాలు మాటాడక రక్తము గడ్డకట్టకుండ సూది మందిచ్చి, హైదరాబాదునకు పంపుటకు వాహనము పిలిపించినది. అచ్చట గుండెకు పోవు నాళమొకటి చాలవఱకు పూడినదని తేలి, స్టెంటు వేసిరి.

మఱునాటి సాయంకాలము నన్ను లోనికి పోనిచ్చిరి. తమ్ముడు కన్నులు విప్పి, "అన్నా, వడ్లు తడిసినవా?" అని యడిగెను. వాన పడినది గాని, ఆ హమాలియే పట్టాలు కప్పించి రాసిని కాపాడెనని చెప్పితిని.