ఒకే చెట్టుకు మూడు పేర్లు

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి చాలా ఏళ్ల కిందటే రిటైరయ్యాను. శిలాజాల మీద ఆసక్తితో మా ఇంటికి వచ్చే పిల్లలకు చెప్పే మాటలివి. వీటిలో ఎక్కువ భాగం పురావృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని గారి జీవితం చదివి, ఆ వెలుగులో నా తప్పులు దిద్దుకుని నేర్చుకున్నవే.

1. అరగదీసేటప్పుడు చెయ్యి ఆపడం తెలియాలి. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర లావా పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులో పూర్వకాలపు నాచు మొక్కల ఆనవాళ్లు దొరుకుతాయి. అక్కడి ముక్కనొకదాన్ని పలుచగా కోసి, స్లైడుకు అతికించి, గాజు పలక మీద కార్బోరండం పొడి వేసి రుద్దుతూ కూర్చున్నాను. వెలుతురు దూరేంత పలుచనయ్యాక ఆపాలి. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ రుద్దాను. స్లైడు కడిగి చూస్తే గాజు తప్ప ఏమీ మిగల్లేదు. కోట్ల ఏళ్లు నిలిచినది నా చేతిలో ఒక్క సాయంత్రంలో పోయింది. ఆ దిగులు ఇప్పటికీ ఉంది.

2. ముక్కను చూసి మొక్కను ఊహించడమే అసలు పని. శిలాజంలో మొక్క మొత్తం దొరకదు. కాండం ఒకచోట, ఆకు మరోచోట, పువ్వు ఇంకోచోట దొరుకుతాయి. అందుకే శాస్త్రం ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెడుతుంది. రాజమహల్ కొండల్లో (ఇప్పటి జార్ఖండ్) కాండాన్ని బక్‌లాండియా అన్నారు, ఆకును టిలోఫిల్లమ్ అన్నారు, పువ్వును విలియమ్సోనియా అన్నారు. ఈ మూడూ ఒకే చెట్టువని సాహ్ని 1932లో చూపించారు. ఆ చెట్టు రూపాన్ని పునర్నిర్మించి, కేంబ్రిడ్జిలో తన గురువైన సీవర్డ్ పేరు పెట్టారు: విలియమ్సోనియా సీవర్డియానా. ఆ బొమ్మ చూసినప్పుడల్లా, ఎన్ని రాళ్లను ఎన్నిసార్లు తిప్పి చూసి ఉంటారో అనిపిస్తుంది. అదే కొండల్లోని నిపానియా శిలాజాలను పరిశీలించి, 1948లో పెంటాక్సిలే అనే కొత్త సముదాయాన్నే ప్రతిపాదించారు. కాండంలో ఐదు దారు ఖండాలుండటం వల్ల వచ్చిన పేరది.

3. ఇష్టాన్ని ఒక్క గదిలో బంధించకండి. రోహతక్ దగ్గర ఖోఖ్రాకోట్ దిబ్బలో సాహ్నికి పాతకాలపు నాణేల మట్టి అచ్చులు దొరికాయి. ప్రాచీన భారతంలో నాణేలు పోతపోసిన పద్ధతి మీద 1945లో గ్రంథమే రాశారు.

4. నమ్మినదాన్ని గట్టిగా వాదించండి. దక్కన్ లావా రాతి వయసు మీద అప్పట్లో పెద్ద చర్చ. అది చాలామంది అనుకున్నంత పాతది కాదని, లావా పొరల మధ్య దొరికిన మొక్కల ఆధారంగా సాహ్ని వాదించారు. తర్వాత వచ్చిన లెక్కల్లో ఆ లావా ముఖ్యభాగం 6.6 కోట్ల ఏళ్లనాటిదని, సరిగ్గా క్రెటేషియస్, టెర్షియరీ యుగాల సరిహద్దులో పడిందని తేలింది. ఆయన తేల్చిన వయసు అచ్చంగా నిలవలేదు. మొక్కను సాక్ష్యంగా నిలబెట్టిన పద్ధతి నిలిచింది. ఆ పద్ధతికి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను.

5. పని అందుకునే చేతులు ఉండాలి. 1949 ఏప్రిల్ 3న లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. పునాదిరాయిలో రకరకాల శిలాజాలు పొదిగారు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, సాహ్ని గుండెపోటుతో పోయారు. వయసు 57. భర్తతో కలిసి కొండలెక్కి రాళ్లు ఏరిన సావిత్రి గారు సంస్థ బాధ్యత నెత్తిన వేసుకున్నారు. 1953 జనవరిలో భవనం తలుపులు తెరుచుకున్నాయి. మీరెవరైనా లక్నో వెళితే ముందు ఆ పునాదిరాయి చూడండి, నాయనా. తరువాతే లోపలికి వెళ్లండి.