గృహ అక్వేరియంలో తెల్లమచ్చల వ్యాధి: పరాన్నజీవి దశను బట్టి చికిత్స

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో భూగర్భ జలాల్లోని అధిక ఫ్లోరైడ్ దశాబ్దాలుగా తెలిసిన సమస్య. అందువల్ల ఇక్కడి ఇంటి అక్వేరియంలో చేపల ఒంటిపై ఉప్పు రవ్వల వంటి తెల్లమచ్చలు కనిపిస్తే నీటిపై అనుమానం కలగడం సహజం. అయితే ఈ మచ్చలకు కారణం ఫ్లోరైడ్ కాదు. ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. ఇది ముఖ్యంగా కొత్తగా తెచ్చిన చేపల ద్వారా తొట్టిలో ప్రవేశిస్తుంది.

చేప చర్మం, మొప్పల పైపొర కింద పెరిగే దశపై మందు పనిచేయదు. ఎదిగిన పరాన్నజీవి చేపను వీడి, అడుగున కోశం కట్టుకొని విభజన చెందుతుంది. కోశం నుంచి వందలుగా వెలువడే ఈదే జీవులు ఒకటి రెండు రోజుల్లో చేపను చేరకపోతే నశిస్తాయి. చికిత్సకు లొంగేది ప్రధానంగా ఈ దశ మాత్రమే. కనుక మచ్చలు మాయమైన వెంటనే చికిత్స ఆపితే వ్యాధి తిరగబెడుతుంది.

నీటి ఉష్ణోగ్రతను రోజుకు 1 డిగ్రీ చొప్పున 28–30 డిగ్రీల సెల్సియస్‌కు పెంచితే జీవితచక్రం త్వరగా ముగుస్తుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంపు నిరంతరం నడపాలి. అయోడిన్ కలపని ఉప్పును లీటరుకు 2 గ్రాముల వంతున, అంటే 40 లీటర్ల తొట్టికి 80 గ్రాములు, విడతలుగా కరిగించి పోయాలి. పొలుసులు లేని చేపలు, నీటి మొక్కలు ఉన్నచోట మోతాదు తగ్గించాలి. రోజు విడిచి రోజు అడుగు మలినాన్ని పైపుతో లాగివేసి, తీసిన నీటికి సరిపడా ఉప్పునే తిరిగి కలపాలి. కొత్తగా పోసే నల్లా నీటి నుంచి క్లోరిన్‌ను ముందే తొలగించాలి. చివరి మచ్చ పోయిన తరువాత కూడా వారం రోజులు చికిత్స కొనసాగించాలి.

అలంకరణ చేపలకు వాడే మలకైట్ గ్రీన్‌ను ఆహారపు చేపల చెరువులకు ఎట్టి పరిస్థితిలోనూ సిఫారసు చేయరాదు. కొత్త చేపలను రెండు మూడు వారాలు వేరుగా ఉంచడమే ఉత్తమ నివారణ.