క్యారవాన్ షెడ్డులో ఉద్యోగం: ఏం నేర్చుకుని వెళ్లాలి?

ఐటీఐలో ఏ ట్రేడ్ తీసుకోవాలని అడిగే విద్యార్థికి ఇంటా బయటా వినిపించే సలహా ఒకటే: ఒక పనిలో గట్టిపడు, మిగతావాటి జోలికి వెళ్లకు. చాలా ఉద్యోగాలకు అది మంచి సలహాయే. ఇల్లులా అమర్చిన బండి, అంటే మోటార్‌హోమ్ దగ్గర మాత్రం అది సగమే పనికొస్తుంది. సినిమా షూటింగుల దగ్గర, ఎన్నికల ప్రచారంలో కనిపించే క్యారవాన్‌ను తీసుకోండి. ఒకే బాడీలో 12 వోల్టుల బ్యాటరీ కరెంటు, 230 వోల్టుల ఇంటి కరెంటు, జనరేటర్, ఇన్వర్టర్, ఏసీ, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకులు, పంపు, టాయిలెట్ అన్నీ ఉంటాయి. వీటిలో మనకు తెలియని యంత్రం ఒక్కటీ లేదు, ఒక్కోదానికి ప్రతి పట్నంలో మెకానిక్ ఉన్నాడు. అయినా ఇలాంటి బండి చెడిపోతే బాగుపడటానికి రోజులు పట్టవచ్చు. కంప్రెసర్ బాగానే ఉంది, కరెంటు సరిగా అందట్లేదని ఏసీ మెకానిక్ అంటాడు. వైరింగ్ బాగానే ఉంది, బ్యాటరీ దిగిపోతోందని ఎలక్ట్రీషియన్ అంటాడు. బ్యాటరీ కొత్తదే, డైనమో ఛార్జ్ చేయట్లేదని మూడో అతను అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతుంటారు. ఒక పరికరానికీ ఇంకో పరికరానికీ మధ్య ఉన్న లోపం ఎవరి లెక్కలోనూ పడదు. ఆ మధ్య ఖాళీలో నిలబడి చూడగలిగినవాడికి ఈ రంగంలో పని ఉంది. అందుకే ఒక ట్రేడ్‌లో పునాది వేసుకుని, దానికి ఆనుకున్న రెండు మూడు పనులు కావాలని నేర్చుకోవాలన్నది ఈ వ్యాసం వాదన.

ఒక్క అప్‌గ్రేడ్‌ను చివరిదాకా వెంబడిస్తే విషయం తేటపడుతుంది. యజమాని వచ్చి పాత ట్యూబులర్ బ్యాటరీలు తీసేసి లిథియం పెట్టమన్నాడు. 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీలు రెండు కలిపితే బరువు వంద కిలోలు దాటుతుంది. ఎక్కువకాలం మన్నాలంటే వాటి సామర్థ్యంలో సగమే వాడుకోవాలి. 12.8 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే సుమారు పాతిక కిలోలే ఉంటుంది, ఎనభై తొంభై శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. కాగితం మీద లాభమే. పాతవి విప్పి కొత్తది బిగిస్తే గంట పని అనిపిస్తుంది. కానీ ట్యూబులర్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గించుకుంటుంది. లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం తక్కువ కాబట్టి దాదాపు నిండేదాకా ఎంత ఇస్తే అంత లాగుతుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ (షెడ్డు భాషలో డైనమో) ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంది, మీద పడే లోడు మాత్రం పూర్తిగా ఉంటుంది. అది వేడెక్కి కాలిపోయే ప్రమాదం అక్కడే ఉంది. ఛార్జింగ్ మధ్యలో బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్ హఠాత్తుగా తెంచుకుంటే, ఆ క్షణంలో లేచే వోల్టేజికి ఆల్టర్నేటర్ డయోడ్లు పోవచ్చు. పైగా కొత్త తరం బళ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటరే అవసరాన్ని బట్టి తగ్గిస్తుంది కాబట్టి, పాతకాలం రిలే పెడితే రెండో బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఈ చిక్కులకు మందు ఆల్టర్నేటర్‌కూ బ్యాటరీకీ మధ్య ఒక డీసీ-డీసీ ఛార్జర్. అది 30 ఆంపియర్లదైతే పూర్తిగా దిగిన బ్యాటరీ నిండటానికి ఆరేడు గంటల ప్రయాణం కావాలి. ఆ సంగతి యజమానికి ముందే చెప్పాలి. బ్యాటరీ మాత్రమే తెలిసినవాడికి ఆల్టర్నేటర్ గొడవ పట్టదు. ఆల్టర్నేటర్ మాత్రమే తెలిసినవాడికి లిథియం స్వభావం తెలియదు.

కథ అక్కడితో ఆగదు. మంచి బ్యాటరీ వచ్చింది కదా, జనరేటర్ చప్పుడు లేకుండా ఏసీ నడపమంటాడు యజమాని. టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు సుమారు కిలోవాట్ కరెంటు తింటుందనుకుందాం. 230 వోల్టుల దగ్గర అది నాలుగైదు ఆంపియర్లే. ఇళ్లలో పనిచేసిన ఎలక్ట్రీషియన్‌కు 4 స్క్వేర్ ఎంఎం వైరు ధారాళంగా సరిపోతుందనిపిస్తుంది, ఆ వైపు నిజంగానే సరిపోతుంది. ఇన్వర్టర్‌కు అవతల, బ్యాటరీ వైపు, అదే కిలోవాట్‌కు 90 ఆంపియర్ల దాకా కావాలి. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ మూడు మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ ఆరు మీటర్ల రాగి. 4 స్క్వేర్ ఎంఎం వైరు మీద ఆ దూరానికి రెండు వోల్టులకు పైగా పడిపోతుంది, రెండు వందల వాట్లకు పైగా వేడి ఆ వైరులోనే పుడుతుంది. ఇన్వర్టర్ వోల్టేజి చాలదని ఆగిపోతుంది, లేదా ప్లైవుడ్ గోడ వెనక వైరు తొడుగు కరగడం మొదలవుతుంది. అదే 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేస్తే నష్టం పావు వోల్టు దగ్గర ఆగుతుంది. బ్యాటరీకి జానెడు దూరంలో తగిన ఫ్యూజు, కేబుల్ చివర్లకు సరిగా క్రింప్ చేసిన లగ్గులు కూడా ఉండాలి. క్యారవాన్లలో అగ్నిప్రమాదం అనగానే అందరూ గ్యాసు బండ వైపు చూస్తారు. నా లెక్కలో వదులుగా బిగించిన లగ్గు అంతకు తక్కువ శత్రువేమీ కాదు.

ఇంతా చేశాక ఏసీ ఎంతసేపు నడుస్తుంది? ఇన్వర్టర్ నష్టం తీసేస్తే ఆ బ్యాటరీలో మిగిలేది రెండు యూనిట్లు, అంటే రెండు గంటలు. పైకప్పు మీద ఏసీ యూనిట్ పోగా మిగిలిన చోట 400 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మంచి ఎండ రోజున యూనిట్టున్నర వస్తుంది. మే నెల వేడిలో ప్యానెల్ కూడా వేడెక్కి పదిహేను శాతం దాకా తగ్గించి ఇస్తుంది. మధ్యాహ్నం షూటింగు విరామమంతా నిశ్శబ్దంగా చల్లబరచాలంటే ఈ లెక్క చాలదు. ఇక్కడ మంచి టెక్నీషియన్ ఇంకో బ్యాటరీ అమ్మడానికి ముందు పైకప్పు లోపలి ఇన్సులేషన్ చూస్తాడు, అద్దాలకు మందపాటి తెరలు వేయిస్తాడు, తలుపు రబ్బరు బీడింగ్ మారుస్తాడు. లోపలికి వచ్చే వేడిని తగ్గించడం కరెంటు పెంచడం కన్నా చవక. ఆ మాట చెప్పాలంటే అతనికి ఏసీ పనీ, బాడీ పనీ, కరెంటు లెక్కా మూడూ కలిసి తెలియాలి.

ప్రాణాలకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. షూటింగ్ లొకేషన్‌లో బయటి లైను నుంచి కరెంటు తీసుకున్నప్పుడు న్యూట్రల్ ఎక్కడో భూమికి కలిసి ఉంటుంది కాబట్టి, లీకేజి వస్తే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజిని పసిగట్టి కరెంటు తెంచే స్విచ్) పడిపోయి మనిషిని కాపాడుతుంది. అదే బండి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు న్యూట్రల్ దేనికీ కలవకుండా తేలిపోతే, బాడీకి కరెంటు తగిలినా ఆ ఆర్‌సీసీబీ కదలకపోవచ్చు. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు న్యూట్రల్‌ను ఛాసీకి కలపాలి, బయటి లైను వచ్చినప్పుడు ఆ కలయిక విడిపోవాలి. ఇంటి వైరింగ్ చేసే మనిషికి ఈ ప్రశ్న రోజువారీ పనిలో ఎదురుకాదు, ఇంజిన్ మెకానిక్‌కు అసలే రాదు.

నీళ్ల పని ఇన్ని లెక్కలు అడగదు, ఓపిక అడుగుతుంది. ఎవరూ కుళాయి తిప్పకపోయినా పంపు అప్పుడప్పుడూ టకటకలాడిందంటే ఎక్కడో కారుతున్నట్టు. సోలార్ ప్యానెల్ కోసం పైకప్పుకు కొట్టిన నాలుగు స్క్రూల చుట్టూ సీలెంటు పగిలితే, ఆ వాన నీరు ఎక్కడో దూరంగా లామినేట్ కింద ప్లైవుడ్‌ను కుళ్లబెట్టాక గానీ బయటపడదు. సిలికాన్ పూసిన చోట తర్వాత ఇంకే సీలెంటూ సరిగా అతుక్కోదు కాబట్టి తొందరపాటు మరమ్మతు తర్వాతి మరమ్మతును పాడుచేస్తుంది. గ్యాసు దగ్గరా ఇలాంటి జాగ్రత్తే కావాలి: గ్యాసు పొయ్యి ఉన్న బండిలో ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి డిటెక్టర్, గాలి రంధ్రం రెండూ నేల దగ్గరే ఉండాలి.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది బలమైనదే: మన దేశంలో ఇలాంటి బళ్లెన్ని, వీటిని నమ్ముకుని బతకడం ఎలా? కేరళ, మహారాష్ట్ర 2021లో క్యారవాన్ పర్యాటక విధానాలు తెచ్చినా, కుటుంబాలు సొంత మోటార్‌హోమ్ కొనుక్కుని తిరిగే అలవాటు మనకింకా లేదు. 1982లో ఎన్టీఆర్ షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకున్నప్పటి నుంచి తెలుగువాళ్లకు బండినే మకాంగా చేసుకోవడం చూసిన అలవాటే గానీ, సొంతానికి కొన్న అలవాటు కాదు. మోటార్‌హోమ్ మాత్రమే బాగుచేస్తానని కూర్చుంటే హైదరాబాద్ దాటి పని దొరకడం కష్టమేనని ఒప్పుకోవాలి. అయితే నేర్చుకున్న పని బండి పేరుకు అంటుకుని ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జులై 1న విజయవాడలో ఒక్కరోజే 1,088 కొత్త 108, 104 వాహనాలను ప్రారంభించారు. అంబులెన్సులో కూడా అదనపు బ్యాటరీ, ఇన్వర్టర్, ఏసీ, వైద్య పరికరాల లోడు ఉంటాయి, దాని నిర్మాణానికి ఏఐఎస్-125 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. రక్తం సేకరించే బస్సులో ఫ్రిజ్ 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిలబడాలి. పశువైద్య సంచార వాహనాలు, టీవీ చానళ్ల ఓబీ వ్యాన్లు, ఫుడ్ ట్రక్కులు, చేపలూ పాలూ మోసే శీతల వాహనాలు అన్నిటిలోనూ ఇవే జబ్బులు. క్యారవాన్‌లో ఏసీ ఆగితే నటుడికి చెమట పడుతుంది. ఈ బళ్లలో చల్లదనం ఆగితే మందులో సరుకో పాడవుతాయి. అందుకే మొదటి ఉద్యోగం క్యారవాన్ షెడ్డులో దొరికితే మంచిదే, అంబులెన్సులు కట్టే బాడీ బిల్డింగ్ యూనిట్లో దొరికినా అంతే మంచిది.

రెండో అభ్యంతరం పెద్దలు చెప్పేది: అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడికి ఏదీ పూర్తిగా రాదు. ఇందులో నిజం ఉంది కాబట్టే పునాది ట్రేడ్ అన్న మాట ముందు పెట్టాను. ఇల్లు కట్టించే మేస్త్రి తాపీపనిలో చెయ్యి తిరిగినవాడై ఉండి, ప్లంబరు పైపు ఎక్కడ తప్పు పెట్టాడో కూడా పట్టగలిగినట్టే ఇదీ. నా అభిప్రాయంలో ఆ పునాదికి ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అన్నిటికన్నా సరైనది, రెండో స్థానం రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్‌ది. రెండూ పదో తరగతి తర్వాత రెండేళ్ల ఐటీఐ కోర్సులు. మోటార్ వెహికల్ మెకానిక్‌కు ఇంజిన్ తెలుస్తుంది, కానీ మోటార్‌హోమ్‌లో ఇంజిన్ పనికి కంపెనీ సర్వీస్ సెంటర్లు ఎలాగూ ఉన్నాయి, ఇంటి భాగానికే దిక్కులేదు. పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమాలో చేరేవారికీ ఈ దారి తెరిచే ఉంది. లెక్కలు కాగితం మీద వేయగలగడం వారికి అదనపు బలం. పునాది పడ్డాక సోలార్ కోసం జాతీయ సౌరశక్తి సంస్థ రూపొందించిన 600 గంటల సూర్యమిత్ర శిక్షణలాంటిది చూసుకోవచ్చు. అప్రెంటిస్‌షిప్ మాత్రం ఇల్లూ ఫ్యాక్టరీ కాక, వాహనం మీద పని జరిగే చోట చేయడం మేలు. ఊగిపోయే బండిలో వైరు ఎలా బిగించాలో గోడ మీద నేర్చుకోలేం.

విదేశాల సంగతి. అమెరికాలో కార్మిక గణాంకాల శాఖ మోటార్‌హోమ్‌ల మరమ్మతును ప్రత్యేక వృత్తిగా లెక్కిస్తుంది. ఆ బళ్ల తయారీకి పేరుపడ్డ ఇండియానా రాష్ట్రం ఎల్‌కార్ట్‌లో పరిశ్రమే నడిపే శిక్షణ సంస్థ ఉంది. కెనడాలో రిక్రియేషన్ వెహికల్ సర్వీస్ టెక్నీషియన్ అనేది రెడ్ సీల్ గుర్తింపు ఉన్న వృత్తి. వైరింగ్, నీళ్లు, గ్యాసు, ఉపకరణాలు కలిపి ఒకే మనిషి నేర్చుకోవడం అక్కడ వింత కాదు, మన వాదనకు అది ఆసరా. అంతమాత్రాన వీసా దొరుకుతుందని కాదు. అమెరికా హెచ్-1బీ డిగ్రీ అవసరమైన ప్రత్యేక వృత్తుల కోసం ఉద్దేశించింది, ఈ పనికి అది దారి కాదు. టెక్నీషియన్‌గా హెచ్-1బీ ఇప్పిస్తానని డబ్బు అడిగే ఏజెంటును అక్కడే ఆపేయండి.

జీతం ఎంత అన్న ప్రశ్నకు అంకె కన్నా లెక్క ముఖ్యం. క్యారవాన్ రోజు అద్దెకు తిరిగే బండి. ఒక రోజు ఆగితే ఆ రోజు అద్దె పోతుంది, షూటింగు దగ్గర మాట పోతుంది. కాబట్టి యజమాని డబ్బిచ్చేది విడిభాగం మార్చినందుకు కాదు, బండి ఆగకుండా చూసినందుకు. నెలకోసారి వచ్చి లగ్గులు, సీలెంట్లు, ఫిల్టర్లు, బ్యాటరీ వోల్టేజి చూసి వెళ్లే ఒప్పందాలు నాలుగైదు బళ్లకు కుదిరితే, చెడిపోయినప్పుడే పిలిచే పని కన్నా ఆదాయం నిలకడగా ఉంటుంది. కష్టాలూ ఉన్నాయి. పిలుపు రాత్రి షూటింగులో వస్తుంది, వానాకాలంలో పైకప్పు ఎక్కాలి, టాయిలెట్ ట్యాంకు వాల్వు విప్పాల్సిన రోజు కూడా వస్తుంది. ఆ చివరి పనికి ముఖం చిట్లించేవాళ్లు ఎక్కువ కాబట్టే అది వచ్చినవాడికి గిరాకీ.

చట్టం కూడా పనిలో భాగమే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. బ్యాటరీ మార్చడం వేరు, పైకప్పు కోసి ఎత్తు పెంచడం వేరు. రెండోది అడిగిన యజమానికి రవాణా శాఖ అనుమతి సంగతి చెప్పకుండా కట్టర్ పట్టుకుంటే, రేపు ప్రమాదం జరిగి బీమా దగ్గర పేచీ వచ్చినప్పుడు పనిచేసినవాడి పేరే ముందు వినిపిస్తుంది.

చేరిన మొదటి రోజు నుంచి ఒక పని పెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందు, ముగించాక క్లాంప్ మీటర్ రీడింగులు ఒక పుస్తకంలో రాసుకోండి. వేసిన ప్రతి కేబుల్ మందం, ఫ్యూజు అంకె, వైరింగ్ బొమ్మ ఒక కాపీ బండిలో అతికించి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఈ రంగానికి మన దగ్గర ప్రత్యేక సర్టిఫికెట్ అడిగేవారు అరుదు. అంబులెన్స్ యూనిట్ ఇంజినీరైనా, క్యారవాన్ల యజమానైనా ఆ పుస్తకం తిరగేస్తే మీకు ఏం వచ్చో పది నిమిషాల్లో అంచనా వేస్తారు.