డబ్బాలో ఉన్నదంతా లాభమేనా?

ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ చదువుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ ఎండను నమ్ముకునే, రైల్వే కాలనీ తెలుగు పిల్లలం అయిదుగురం బడిలో జరిగిన బాలమేళాలో నిమ్మరసం దుకాణం పెట్టాం. పెట్టుబడి 500 రూపాయలు. నలుగురం తలా 50 వేశాం. మిగతా 300 ఒక్కడే ఇచ్చాడు. అది పండక్కి వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన డబ్బు.

50 నిమ్మకాయలకు 150, మూడు కిలోల పంచదారకు 135, ఐసుకు 60, వంద కాగితం గ్లాసులకు 70, ఉప్పు, జీలకర్ర పొడికి 15. మొత్తం ఖర్చు 430. చేతిలో 70 మిగిలింది. కాయ మూడు రూపాయలకు దొరకడం మా అదృష్టమే. 2022 వేసవిలో చాలా ఊళ్ళలో కిలో నిమ్మకాయలు 200 దాటాయి. గూడూరు, తెనాలి వైపు తోటల్లో కాపు తగ్గితే ఇక్కడ మన గ్లాసు ధరా మారుతుంది.

గ్లాసు 10 చొప్పున 66 అమ్మాం. మూడింటికల్లా ఐసు కరిగిపోయింది. "అయిదుకు ఇచ్చేద్దాం" అని ఒకరు, "నష్టంరా" అని ఇంకొకరు. నిజానికి ఖర్చు అప్పటికే అయిపోయింది. పారబోస్తే వచ్చేది సున్నా, అమ్మితే గ్లాసుకు అయిదు. అలా 12 గ్లాసులు పోయాయి. మేం తాగిన 11 గ్లాసులకు మాత్రం ఎవరూ డబ్బివ్వలేదు!

సాయంత్రం డబ్బాలో 790 ఉంది. అమ్మకం 720, ముందు మిగిలిన 70. అయిదు భాగాలు చేసి తలా 158 పంచేసుకున్నాం. ఒకడు అప్పటికప్పుడే గుప్‌చుప్ బండి దగ్గరికి పరిగెత్తాడు.

మర్నాడు లెక్కల మేడమ్ బోర్డు మీద ఈ అంకెలన్నీ రాయించి, "ఇందులో ముందు ఎవరి డబ్బు తిరిగి వెళ్ళాలి?" అని అడిగారు. అప్పుడు చూసుకున్నాం. 300 పెట్టినవాడికి చేరింది 158. లాభం సంగతి అటుంచి, వాడి సొమ్ములోనే 142 తగ్గింది. వాడు రాత్రంతా తెలిసే ఊరుకున్నాడట. పైగా వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది, గురువారం ప్రయాణం.

పెట్టుబడి 500 తీసేస్తే అసలు లాభం 290. దాన్ని పెట్టుబడిని బట్టి పంచితే వాడికి అయిదింట మూడు వంతులు, అంటే 174 రావాలి. పాఠ్యపుస్తకంలో భాగస్వామ్యం లెక్క అలాగే ఉంటుంది. కానీ కాయలు పిండిందీ, ఎండలో నిలబడిందీ అందరం సమానంగానే. మాలో మాకు తేలక వాణ్ణే అడిగాం. "పెట్టుబడి ఎవరిది వాళ్ళకి, లాభం సమానం" అన్నాడు. అంటే లాభం తలా 58. వాడికి 358, మాకు 108. మేం నలుగురం తలా 50 వాపసు ఇవ్వాలి.

ముగ్గురం ఆ రోజే ఇచ్చేశాం. గుప్‌చుప్ తిన్నవాడు రెండు రోజులు ఆగాల్సి వచ్చింది.

పదేళ్ళు నిండిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరుతోనే పొదుపు ఖాతా తెరవవచ్చని మేడమ్ చెప్పారు. కనీసం 500 ఉండాలి. ఊరు మారితే ఖాతాను కొత్త ఊరి పోస్టాఫీసుకు మార్పించుకోవచ్చు. మనలాంటి బదిలీ పిల్లలకు ఇది బాగా పనికొచ్చే సంగతి. మావాడికి ఇంకా 142 కావాలి.

గురువారం స్టేషన్‌కి అందరం వెళ్ళాం. ఆఖరి 50 రూపాయల నోటు కిటికీలోంచి అందింది. వాడు దాన్ని విప్పి చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.