పాత ట్రాక్టర్ కొంటున్నారా? బండితోపాటు పేరూ మారాలి

అంగడిలో ఎద్దును కొనేటప్పుడు మన రైతు ఎంత హుషారుగా ఉంటాడో అందరికీ తెలుసు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు. కాడి కట్టి చూడందే పైసలు తీయడు. అదే రైతు మూడు నాలుగు లక్షలు పోసి పాత ట్రాక్టరో, కారో కొనేటప్పుడు మాత్రం రంగు చూసి, టైర్లు చూసి బయానా ఇచ్చి వస్తున్నాడు. కాగితాల సంగతి "తర్వాత చూసుకుందాం" అంటాడు. ఆ తర్వాత అనేది చాలామందికి రానే రాదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పత్తి, మిర్చి, వడ్ల డబ్బులు చేతికొచ్చే రోజుల్లో పాత బండ్ల బేరాలు ఎక్కువగా నడుస్తాయి. ఈ బేరంలో కొనేవాడు ఏం చూడాలి, అమ్మేవాడు ఏం చేయాలి అన్నది రైతు సోదరులు ముందే తెలుసుకుంటే మంచిది.

ముందు లెక్క, తర్వాత బండి

రెండున్నర ఎకరాల లోపు వారిని సన్నకారు, ఐదెకరాల లోపు వారిని చిన్నకారు రైతులంటున్నాం. ఇంత భూమికి సొంత ట్రాక్టర్ గిట్టుబాటు అవుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఒక రైతుకు నాలుగెకరాలు ఉందనుకుందాం. దుక్కి, గొర్రు, కరిగట్టు, పంట తోలుకొచ్చుడు అన్నీ కలిపి ఏడాదికి 40 గంటల పని ఉందనుకుందాం. కిరాయి గంటకు 1,200 రూపాయలు వేసుకున్నా 48,000 అవుతుంది. అదే రైతు 3 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పాత ట్రాక్టర్ కొంటే, ఏడాదికి వడ్డీయే 72,000. డీజిలు, మరమ్మతు, బీమా వేరే.

అంటే సొంత పొలం ఒక్కదానికే అయితే కిరాయి బండే మేలు. ఊళ్లో కిరాయి పని దొరుకుతుందని, నడిపే మనిషి ఇంట్లోనే ఉన్నాడని ఖాయమైతేనే కొనాలి. పైన చెప్పినవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ ఊరి కిరాయి, మీ అప్పు వడ్డీ వేసుకొని ఇదే లెక్క మీరూ కట్టి చూడండి.

చల్లటి ఇంజనుతోనే చూడాలి

బండి చూడటానికి పొద్దున్నే పోవాలి. అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఇంజను చల్లారేదాకా ఆగాలి. వేడి ఇంజను తన రోగాన్ని దాచుకుంటుంది. ఊళ్లో నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకుపోతే అతనికిచ్చే కూలి దండగ కాదు.

పొగ రంగు చూడాలి. నల్ల పొగ ఆగకుండా వస్తుంటే గాలి వడపోత మూసుకుపోయి ఉండొచ్చు, లేదా డీజిలు ఎక్కువగా పోతుండొచ్చు. ఇది చిన్న ఖర్చుతో పోయే అవకాశం ఉంది. నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుతోందని అర్థం. రింగులు, లైనర్లు అరిగినట్లే, ఖర్చు పెద్దది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే లోపలికి నీరు చేరుతోందేమో చూపించుకోవాలి.

ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూడండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పున తన్నుతుంటే ఇంజను లోపల అరిగింది. రేడియేటర్ మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ల మీద నూనె తెట్టు కడితే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి.

తర్వాత లిఫ్టు. రోటవేటరో, కల్టివేటరో తగిలించి పైకెత్తి ఇంజను ఆపాలి. బరువు కాసేపు అలాగే నిలబడాలి. చూస్తుండగానే కిందికి జారితే లిఫ్టుకు పని ఉంది. బ్రేకులు రెండూ సమంగా పడుతున్నాయా, గేర్లు తమంతట తామే జారుతున్నాయా, స్టీరింగులో ఆట ఎంతుంది అన్నవి పొలంలోనూ, రోడ్డు మీదా నడిపి చూడాలి.

టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని లెక్క. గంటల మీటరు తక్కువ చూపిస్తూ, క్లచ్ పెడలు మాత్రం నున్నగా అరిగి ఉంటే మీటరును నమ్మొద్దు.

కరిగట్టు బండి, ఇసుక బండి

బండి ఏ పని చేసి వచ్చిందో అడగాలి. ఏళ్ల తరబడి కరిగట్టులో తిరిగిన ట్రాక్టరుకు ఇరుసుల సీళ్ల గుండా బురద నీరు లోపలికి పోతుంది. గేరు ఆయిల్ పాలలాగా తెల్లబడి ఉంటే నీరు చేరినట్లే. ఇసుక, ఇటుకలు తోలిన బండికి వెనక హుక్కు, ముందు ఇరుసు, క్లచ్ ఎక్కువగా అరుగుతాయి. ఇసుక తోలిన బండి మీద పోలీసు కేసుగానీ, కట్టని జరిమానాగానీ ఉందేమో కూడా కనుక్కోవాలి.

కంపెనీ పేరుతోపాటు విడిభాగాల సంగతీ చూసుకోవాలి. ఎచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. అలాంటి బండి చవకగా వచ్చినా సామాను ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోవాలి.

ఇక వరదలో మునిగిన బండ్లు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాను వాన ముంచెత్తి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నీట మునిగిన బండిని కడిగి, రంగేసి అమ్మకానికి పెడితే పైకి తెలియదు. కారైతే సీటు కింది బోల్టుల తుప్పు, తివాచీ కింద ఒండ్రు, లైట్ల లోపల మట్టి గీత, ముక్కవాసన చూడాలి. ట్రాక్టరైతే వైరింగు, డైనమో, గేరు ఆయిల్ చూడాలి.

నంబరే సగం కథ చెబుతుంది

ఉమ్మడి రాష్ట్రంలో వరంగల్ జిల్లా బండికి ఏపీ 36 నంబరు ఉండేది. 2014 జూన్‌లో తెలంగాణ వచ్చాక టీఎస్ అయింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వేస్తున్నారు. కాబట్టి ఏపీ 36 నంబరున్న ట్రాక్టర్ పదేళ్లు దాటిందని వేరే చెప్పనక్కరలేదు.

సొంత వాహనాలకు, వ్యవసాయ ట్రాక్టర్లకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని చూపించి, ఫీజు కట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువు తీరిన బండి అయితే ఆ ఖర్చు ఎవరు పెట్టాలో బేరంలోనే తేల్చుకోవాలి.

భూపాలపల్లి వైపు వారికి మరో మాట. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే మహారాష్ట్ర సిరోంచ. అటునుంచి ఎంహెచ్ నంబరు బండి చవకగా వస్తుంది. అయితే అక్కడి రవాణా ఆఫీసు ఫారం 28 మీద ఇచ్చే ఎన్‌ఓసీ లేకుండా ఇక్కడ పేరు మారదు. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. కారుకైతే ఇక్కడి పన్ను కూడా పడుతుంది. అవన్నీ కలిపితే చవక చవక కాకుండా పోవచ్చు.

పేరు మారకపోతే ఎవరి మెడకు?

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. సీ బుక్కులో ఎవరి పేరుంటే చట్టం ముందు అతనే యజమాని. పైసలు ముట్టినయ్, బండి ఇచ్చేసిన అంటే చెల్లదు.

2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. ఒకాయన 2007లో తన బండిని అమ్మేశాడు. అది ఇంకొందరి చేతులు మారింది. రిజిస్ట్రేషన్ మాత్రం మొదటాయన పేరు మీదనే ఉండిపోయింది. 2009 మేలో ఆ బండి కింద పడి ఒకరు చనిపోయారు. నష్టపరిహారం ఎవరు కట్టాలన్న తగవు ఢిల్లీ దాకా పోయింది. రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషే యజమాని, బాధ్యత అతనిదే అని కోర్టు తేల్చింది. దెబ్బ తిన్నవాళ్లు చేతులు మారిన ప్రతి మనిషి వెంటా తిరగాల్సిన పని లేదన్నది కోర్టు మాట.

దీన్ని మన ఊరికి వేసి చూసుకోండి. మీరు రెండేళ్ల కింద అమ్మిన ట్రాక్టర్ ఎక్కడో ఒకరిని గుద్దింది. బీమా లేదు. నోటీసు మీ ఇంటికి వస్తుంది. బండి అమ్మిన డబ్బుకు ఎన్నో రెట్లు కట్టాల్సి రావచ్చు. ఉన్న రెండెకరాలకు ముప్పు వచ్చే సంగతి ఇది.

కొన్నవాడికీ నష్టమే. పేరు మారినా, మారకపోయినా బండి తగిలి దెబ్బ తిన్న బయటివారికి బీమా కొత్త యజమాని చేతిలోనూ వర్తిస్తుంది. కానీ పాలసీ పాతవాడి పేరు మీదనే ఉంటే బండికి జరిగిన నష్టం కొన్నవాడికి రాదు. యజమానే నడుపుతూ చనిపోతే కుటుంబానికి రావాల్సిన 15 లక్షల ప్రమాద బీమాకు మూడు షరతులున్నాయి: రిజిస్ట్రేషన్ అతని పేరు మీద ఉండాలి, పాలసీ అతని పేరు మీద ఉండాలి, లైసెన్సు ఉండాలి. వీటిలో ఒకటి లేకపోయినా ఆ ఇంటికి ఆ ఆసరా పోయినట్లే.

ఏ ఫారం ఎప్పుడు?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం, రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో ఫారం 29 మీద రవాణా ఆఫీసుకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో ఫారం 30 మీద పేరు మార్పు కోరాలి. బీమా కంపెనీకి 14 రోజుల్లో దరఖాస్తు ఇవ్వాలి. మూడు జిల్లా కేంద్రాల్లోనూ రవాణా ఆఫీసులున్నాయి. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకొని ఇద్దరూ కలిసి ఒకే రోజు పోతే పని సులువు.

బండి మీద అప్పుంటే సీ బుక్కులో బ్యాంకు లేదా ఫైనాన్స్ పేరు ఉంటుంది. కిస్తులన్నీ తీరినా ఆ పేరు దానంతట అది పోదు. అప్పిచ్చినవారి ఎన్‌ఓసీతో ఫారం 35 పెట్టి తీయించాలి. ఆ తర్వాతే పూర్తి సొమ్ము ఇవ్వాలి.

యజమాని చనిపోయి కొడుకు అమ్ముతున్నాడా? ముందు ఫారం 31 మీద వారసుడి పేరుకు మారాలి. అన్నదమ్ములు ఉంటే అందరి ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి.

డీలరు దగ్గర కొన్నా, డీలరుకు అమ్మినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరుకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలి. బండి అతనికి అప్పగించినప్పుడు ఫారం 29సి మీద ఆ సంగతి ఆఫీసుకు తెలపాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి దళారి చేతికిచ్చి రావడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు.

ట్రక్కుకు వేరే కాగితం

ట్రాక్టరుకు బీమా ఉంటే ట్రక్కుకూ ఉన్నట్లే అనుకోవద్దు. ట్రక్కు నంబరు, దాని ప్రీమియం పాలసీలో రాసి ఉండాలి. వ్యవసాయానికని పాలసీ తీసుకొని ఇటుకలు, ఇసుక కిరాయికి తోలితే బీమా దగ్గర చిక్కు వస్తుంది. ట్రక్కులో కూలీలను ఎక్కించడం అన్నిటికంటే ప్రమాదం. 2018 జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర పత్తి చేనుకు పోతున్న కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. ట్రక్కు ఉన్నది పంట తోలడానికి, మనుషుల కోసం కాదు.

బయానా ఇచ్చే ముందు

1. ఇంజను నంబరు, చాసిస్ నంబరు మీరే వెతికి సీ బుక్కుతో సరిచూసుకోండి. చాసిస్ అంకెలు గీకినట్లు, మళ్లీ కొట్టినట్లు కనిపిస్తే ఆ బండి వద్దు.

2. అమ్మే మనిషి, సీ బుక్కులో ఉన్న మనిషి ఒకరేనా? ఆధార్‌తో పోల్చుకోండి.

3. అప్పు, కేసు, జరిమానా ఉన్నాయా అని నంబరు చెప్పి రవాణా ఆఫీసులో అడగండి.

4. బీమా గడువు ఎప్పటిదాకా ఉంది? లేకపోతే కొత్తది తీసుకున్నాకే బండి రోడ్డెక్కించండి.

5. అమ్మకం కాగితంలో తేదీతోపాటు బండి అప్పగించిన గంట కూడా రాయండి. ఇద్దరు సాక్షులు ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే రుజువు ఉంటుంది.

6. పేరు మారేదాకా కొంత సొమ్ము ఆపి ఉంచండి. ఆ మాట కాగితంలో రాయించండి.

7. అమ్మినవారు పేరు మారిన కొత్త సీ బుక్కు నకలు అడిగి తీసుకొని దాచుకోవాలి.

మొహమాటానికి పోయి కాగితం అడగకపోతే రేపు చుట్టరికమూ పోతుంది, సొమ్మూ పోతుంది. మీరు ఇప్పటికే కొన్న పాత బండి ఇంకా వేరేవారి పేరు మీద ఉంటే, మీరు అమ్మిన బండి ఇంకా మీ పేరు మీద ఉంటే, ఈ వారంలోనే అవతలి మనిషిని కలిసి రవాణా ఆఫీసుకు బయలుదేరండి. గడువు దాటినందుకు కొంత జరిమానా పడవచ్చు. ప్రమాదం జరిగాక కట్టాల్సిన దాని ముందు అది ఏపాటిది?