రంగులో టర్పెంటైన్ ఎంత కలపాలి?

తలుపులకు రంగు వేసేవారిని మీరు గమనించే ఉంటారు. డబ్బా మూత తీసి, పుల్లతో బాగా కలిపి, అందులో కొంచెం టర్పెంటైన్ పోస్తారు. ఎందుకో ఆలోచించారా?

ఎనామిల్ రంగులో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. రంగునిచ్చే మెత్తని పొడి ఒకటి. ఆ పొడిని చెక్కకు పట్టి ఉంచే రెజిన్ రెండవది. రెండింటినీ పలచగా ఉంచే ద్రావణి మూడవది. ద్రవం ప్రవహించకుండా అడ్డుపడే గుణాన్ని స్నిగ్ధత అంటారు. టర్పెంటైన్ కలిపితే స్నిగ్ధత తగ్గి, కుంచె తేలికగా కదులుతుంది. కుంచె వదిలిన చారలను తలతన్యత చదును చేస్తుంది.

మరి ఎక్కువగా పోస్తే ఇంకా మంచిదేనా? కాదు. తలుపు నిలువుగా ఉంటుంది గదా! భూమ్యాకర్షణ రంగును కిందికి లాగుతుంది. స్నిగ్ధత సగమైతే రంగు జారే వేగం రెట్టింపవుతుంది. పూత మందం రెట్టింపైతే పైపొర జారే వేగం నాలుగు రెట్లవుతుంది. అందుకే మందమైన ఒక పూత కంటే పలచని రెండు పూతలు మేలు.

మరో నష్టం కూడా ఉంది. టర్పెంటైన్ తలుపు మీద నిలవదు, ఆవిరైపోతుంది. లీటరు రంగులో ఆరిన తరువాత మిగిలే పదార్థం అర లీటరు అనుకుందాం. అప్పుడు 60 మైక్రాన్ల తడి పూత ఆరి 30 మైక్రాన్లవుతుంది. ఆ లీటరుకు అర లీటరు టర్పెంటైన్ కలిపితే, అంతే తడి పూతలో మిగిలేది 20 మైక్రాన్లే! పాత రంగు పైకి కనబడుతుంది. కనుక డబ్బా మీద ముద్రించిన కొలత దాటకూడదు. నీటితో కలిపే రంగులకైతే టర్పెంటైన్ పనికిరాదు, నీళ్లే కలపాలి.

జాగ్రత్త! టర్పెంటైన్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. పీలిస్తే తల తిరుగుతుంది. కిటికీలు తెరిచి ఉంచాలి. దగ్గరలో పొయ్యి వెలిగించరాదు. మన దేశంలో 2016 నిబంధనల ప్రకారం ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదు. పాత తలుపుల రంగులో అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. కాబట్టి పాత రంగును పొడిగా గీకి దుమ్ము లేపకూడదు.

చేసి చూడండి: పెద్దల సాయంతో చిక్కని బెల్లం పాకం కాచి చల్లార్చండి. సగం పాకంలో నీళ్లు కలపండి. రెండింటినీ ఒక పళ్లెం మీద పక్కపక్కన పూసి, వేలితో చారలు గీసి, పళ్లేన్ని నిలబెట్టండి. ఏ చారలు ముందు పూడాయి? ఏ పాకం ముందు జారింది? కారణం మీరే చెప్పండి.